దిగువ రేవులో చేట

నా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లలకి మాటలు వచ్చాక మొదట నేర్పేవి అఆలు కాదు, ఆవుల వరస. ఏ ఆవు ఏ ఆవు కూతురో, ఏ పెయ్య ఎవరి మనవరాలో తడుముకోకుండా చెప్పగలిగితేనే దూడల దగ్గరికి పోనిచ్చేవారు. బడికి నేను మూడో తరగతి దాకానే వెళ్ళాను. అక్కడ నేర్చిన ఎక్కాలు కొన్ని మరిచిపోయాను గాని ఆవుల వరస ఇప్పటికీ అడిగితే అప్పజెబుతాను. అడిగేవాళ్ళు లేరు. ఆ వరసలో చివరి ఆవు పోయి చాలాకాలమైంది.

మాది గోదావరి నడుమ లంక. రావులపాలెం వైపు గట్టు మీద నిలబడి చూస్తే ఇసక తిన్నెల అవతల పచ్చటి గీతలా కనబడేది. మా తాతయ్య తాతగారికి పెళ్ళిలో అత్తవారు ఒక కపిలావునీ దాని కింద పెయ్యనీ ఇచ్చారట. ఆవు పడవెక్కనని మొరాయిస్తే, ఆయన కొత్త పెళ్ళికూతుర్ని పడవలో ఒంటరిగా కూర్చోబెట్టి పంపేసి, తను ఆవు మెడ పట్టుకుని పాయ ఈదుకుంటూ వచ్చాడట. మా నాయనమ్మకి తాతయ్య మీద కోపమొచ్చినప్పుడల్లా ఈ కథ ఎత్తేది. "మీ ఇంటి మగాళ్ళకి పెళ్ళాం నీళ్ళలో పడినా ఫర్వాలేదు, ఆవు తడవకూడదు" అనేది.

మా మందంతా ఆ కపిల సంతానమే. కోడెల్ని దుక్కికి అమ్మేవారు గాని పెయ్యల్ని అమ్మేవారు కాదు. ఇంటి ఆడపిల్ల అత్తారింటికి వెళ్ళేటప్పుడు మాత్రం ఒక పెయ్యకి పసుపు రాసి వెంట పంపేవారు. పాలూ పెరుగూ రోజూ పడవలో గట్టుకి వెళ్ళేవి. వ్యవసాయం ఉన్నా అది రెండోదే. మమ్మల్ని అందరూ ఆవులోళ్ళనే పిలిచేవారు.

లంక అంటే ఇసక మీద పడ్డ ఒండ్రు. వరదొస్తే ఇళ్ళకంటే ముందు గొడ్లకి ప్రమాదం. అందుకని మా పెద్దలు మధ్యలో ఒక మిట్ట కట్టారు. కట్టారంటే ఒక్కసారిగా కట్టింది కాదు. ప్రతి వేసంగిలోనూ ఇంటిల్లిపాదీ తట్టలతో మట్టి మోసి దాన్ని ఇంకాస్త ఎత్తు చేసేవారు. ముసలివాళ్ళు కూడా చెంబుడు మట్టైనా పోసి దణ్ణం పెట్టుకునేవారు. కొత్తకోడలు మొదటి వేసంగిలో మిట్ట మీద మట్టి పోస్తేగాని ఆవు పొదుగు ముట్టుకోనిచ్చేవారు కాదు. తరాల వాళ్ళు నెత్తిన మోసిన మట్టి అది. దాన్ని గొడ్ల మిట్ట అనేవాళ్ళం. ఎంత వరదొచ్చినా మంద దాని మీద నిలబడి నెమరు వేసుకుంటూ ఉండేది. చుట్టూ ఎర్రనీళ్ళు సుళ్ళు తిరుగుతుండేవి.

గోదావరికి ఒక గుణం ఉంది. ఒకరి దగ్గర కోసి ఇంకొకరి దగ్గర పోస్తుంది. ఏటా మా లంక అంచు కోసుకుపోయి, కింద ఉన్న దిగువ లంకకి మేట వేసేది. నిన్న మా మేత ఉన్న చోట ఇవాళ నీళ్ళుండేవి, నిన్న వాళ్ళకి నీళ్ళున్న చోట ఇవాళ మేత ఉండేది. ఆ కొత్త నేల ఎవరిదని మా తాతయ్యకీ దిగువ లంక పెద్దాయనకీ తగాదా. కర్రలు లేచాయి, కోర్టుకి కూడా వెళ్ళారు. నా చిన్నతనానికి ఆ రెండు లంకల మధ్యా పేరంటాలు లేవు, పలకరింపులు లేవు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఏడు జరిగింది అర్థం కావాలంటే ఇది తెలియాలి.

శివరాత్రి వెళ్ళింది. నీళ్ళు తీసి పాయలు సన్నబడ్డాయి. ఎక్కడిదో ఒక ఎద్దు కళేబరం పైనుంచి కొట్టుకొచ్చి మా రేవు పక్క తుంగలో చిక్కుకుంది. మా పాలేరు వెదురు గడతో దాన్ని నడి పాయలోకి తోశాడు. అది కళ్ళ ముందే సముద్రం దారి పట్టింది. లంకల్లో అందరూ చేసేది అదే. గోదారి తెచ్చింది, గోదారే తీసుకుపోతుంది అనుకునేవారు. ఎవరూ దాని గురించి మళ్ళీ మాట్లాడలేదు. మా గొడ్లు ఆ తుంగలోనే దిగి నీళ్ళు తాగేవి.

కొద్దిరోజులకి మందలో అన్నిటికంటే పెద్దదైన చుక్కావు మేత మానేసింది. కళ్ళవెంట నీళ్ళు, ముక్కువెంట చీమిడి, చిగుళ్ళ నిండా పుండ్లు, ఆగని పారుడు. దాన్ని చూసి మా నాయనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెద్దరోగం అనేవారు దాన్ని. దాని పేరు ఇంట్లో పైకి అనేవారు కాదు. ఇప్పుడా రోగం లోకంలోనే లేదంటున్నారు. అప్పట్లో అది ఒక పాకలో దూరితే పాక ఖాళీ అయ్యేది.

తాతయ్య పశువుల డాక్టరు కోసం గట్టుకి వెళ్ళాడు. డాక్టరుగారు ఎక్కడో వేరే ఊళ్ళలో సూదులు వేస్తున్నారట. ఆయన మనిషి మాత్రం ఒక మాట చెప్పి పంపాడు. చచ్చినదాన్ని లోతుగా పాతిపెట్టండి, నీళ్ళలో మాత్రం వెయ్యొద్దు, వేస్తే కింద ఉన్న మందలన్నీ పోతాయి అని. ఆ మాట మోసుకుని తాతయ్య సాయంత్రానికి తిరిగొచ్చేసరికి చుక్కావు కట్టుకొయ్య దగ్గర లేదు. మా చిన్నతాత, అంటే తాతయ్య తమ్ముడు, అరుగు మీద కూర్చుని కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"చుక్క ఏదిరా?"

"మధ్యాన్నం పోయింది అన్నయ్యా. గంగమ్మకి ఇచ్చేశాం."

"ఎటెళ్ళింది?"

"ఎటెళ్తుంది, కిందకే! పైకి ఈదుకుంటూ వెళ్తుందా ఏంటి?"

తాతయ్య డాక్టరు మనిషి చెప్పిన మాట చెప్పాడు. చిన్నతాత తువ్వాలుతో పాదాలు తుడుచుకుంటూ నింపాదిగా విన్నాడు. "అయితే ఏమైంది? మన భూమి తిని బలిశారుగా! మన రోగం కూడా తిననీ" అన్నాడు.

ఆ మాటకి పాలేరు కిసుక్కున నవ్వాడు. తాతయ్య అతని వంక చూశాడు. అంతే, అతను లేచి వెళ్ళి దోనె విప్పాడు. ఆ దోనెకి అడుగున చీలిక ఉండేది. బాగు చేయించడానికి తాతయ్యకి చెయ్యి రాక, కొబ్బరిచిప్పతో నీళ్ళు తోడటానికి ఎప్పుడూ పిల్లల్లో ఒకర్ని కూర్చోబెట్టేవాడు. ఆ రోజు చేతికి దొరికింది నేను.

పొద్దు వాలుతుండగా దిగువ లంక చేరాం. చుక్కావు ఎంతో దూరం పోలేదు. దిగువ లంక వాళ్ళు గొడ్లని దింపే రేవులోనే, మెత్తటి ఒండ్రు మీద, కాళ్ళు ఆకాశానికి పెట్టి పడి ఉంది. పొట్ట ఉబ్బిపోయింది. దాని నోట్లోంచీ వెనకనుంచీ కారింది రేవు పొడుగునా మడుగు కట్టింది. మంద అప్పటికే ఇళ్ళకి వెళ్ళిపోయింది. అదొక్కటే అదృష్టం. గట్టు మీద మాత్రం దిగువ లంక పెద్దాయన, నలుగురు మగాళ్ళు, నీళ్ళబిందెలతో ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి మమ్మల్నే చూస్తున్నారు.

"ఏవండోయ్ పెద్దగారూ!" అని అక్కడినుంచే కేకేశాడు పెద్దాయన. "ఇన్నాళ్ళూ మట్టి కోసం వచ్చేవారు. ఇప్పుడు పీనుగ కోసం కూడా వస్తున్నారా?"

"తోలైనా గిట్టుబాటవుద్దని కాబోలండి" అందుకుంది బిందె చంకన పెట్టుకున్న ఒకావిడ. "ఆ ఇంట్లో పిడక కూడా విరిచి సగమే కాలుస్తారంట. ఆయ్!"

అందరూ నవ్వారు. పిడక సంగతి నిజమే కాబట్టి నాకు ఏడుపొచ్చింది. తాతయ్య దోనె దిగి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చేతులు జోడించాడు. ఆయన ఇంకొకరికి చేతులు జోడించడం నేను అంతకుముందు చూడలేదు. ఇది పెద్దరోగం, మా వాళ్ళు తెలియక నీళ్ళలో వదిలేశారు, నేను తీసుకుపోతున్నాను, వరద వచ్చి కడిగేదాకా ఈ రేవులో గొడ్లని దింపకండి, పైనున్న రేవుకి తోలుకోండి అని చెప్పాడు.

గట్టు మీద నవ్వులు ఆగాయి. నమ్మారనుకున్నాను.

"అంటే ఈ రేవు మేం ఖాళీగా ఉంచాలి" అన్నాడు పెద్దాయన మెల్లగా. "తవరొచ్చి పాక వేసుకుంటారు. బావుందండి."

"ప్రమాణం చేసి చెబుతున్నానండి."

"కోర్టులో కూడా చేశారుగా ప్రమాణం! రేపు పొద్దున్నే మా మందని ముందు ఇక్కడికే తోలతాం. అవతలి గట్టు మీంచి చూసుకోండి."

తాతయ్య ఒడ్డెక్కి ఆవు దగ్గరికి నడిచాడు. చుక్కావు కొమ్ములకి తాడు వేసి, ఆ తాడు భుజానికి తగిలించుకుని ఇసక మీద ముందుకి వంగి నడవడం మొదలుపెట్టాడు. పాలేరు దోనెలోంచి గడ వేస్తూ కళేబరాన్ని ఒడ్డుకి తగలకుండా నెట్టుకొచ్చాడు. నీటికి ఎదురు. చచ్చిన ఆవుని ఎదురీదించి ఇంటికి తెచ్చుకున్నవాళ్ళు గోదావరి మీద మేం తప్ప ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలీదు. వెనకనుంచి నవ్వులు చాలాదూరం వినిపించాయి. దారిలో తాతయ్య ఒక్కటే అన్నాడు, అదీ నాతో కాదు, తనలో తను. "మాట మంచిదే. చెప్పినవాణ్ణి నేను. అదే వచ్చింది చిక్కు."

చుక్కని నీళ్ళకి అందని మెరకలో అప్పటికి కప్పెట్టి, ఇంటికొచ్చి స్నానం చేసి నాయనమ్మని పాత చేట అడిగాడు. దేనికో ఆవిడకి వెంటనే తెలిసిపోయింది.

అప్పట్లో మా వైపు ఊరికి రోగం వస్తే అమ్మవారిని సాగనంపడం అని ఉండేది. చేటలో పసుపన్నం, కుంకుమ, వేపరెమ్మలు, కోసిన నిమ్మకాయలు పెట్టి, పూజ చేసి, ఆ చేటని తీసుకెళ్ళి పక్క ఊరి పొలిమేరలో దింపేసి వెనక్కి చూడకుండా వచ్చేసేవారు. అమ్మవారు ఆ చేటతోపాటు పక్క ఊరికి వెళ్ళిపోతుందని నమ్మకం. పక్క ఊరివాళ్ళు చూస్తే ఊరుకుంటారా? కొట్టుకునేవారు. తలలు పగిలేవి. చేట దింపిన చోటికి మాత్రం మనిషి గాని గొడ్డు గాని పోయేది కాదు. ఆ నేలే మైల అనుకునేవారు.

"వాళ్ళ రేవులో పెడతారా?" అంది నాయనమ్మ. "అమ్మవారితో వేళాకోళం ఏంటండీ? మీకు మతి గాని పోయిందా?"

"పిల్లకి జొరమొస్తే చేదుమందు బెల్లంలో పెట్టి మింగించవూ?"

"బెల్లంలో పెడతాను. విషమని చెప్పి మింగించను."

"వాళ్ళు నా చేతిలోది విషమంటేనే నమ్ముతారే" అన్నాడు తాతయ్య.

నాయనమ్మ చాలాసేపు గుమ్మంలో కూర్చుంది. తర్వాత లేచి బియ్యం కడిగింది. పసుపన్నం వండుతూ ఆవిడ అమ్మవారిని క్షమాపణ అడగడం నేను విన్నాను. పైకి గొణుగుడులా వినిపించింది గాని అందులో తిట్టు కూడా ఉంది. అమ్మవారినో తాతయ్యనో తెలీదు.

మర్నాడు వెలుగు రాకముందే బయల్దేరాం. దిగువ రేవు చేరేసరికి తూర్పు తెల్లబడింది. తాతయ్య చేట నెత్తిన పెట్టుకుని ఒడ్డెక్కి, గొడ్లు దిగే దారికి అడ్డంగా, అందరికీ కనబడేలా దింపాడు. వేపరెమ్మలు చుట్టూ గుచ్చాడు. పసుపునీళ్ళు రేవు పొడుగునా, నిన్న మడుగు కట్టిన మేరంతా చల్లాడు. ఇక వచ్చేస్తాడనుకున్నాం. రాలేదు. అక్కడే నిలబడ్డాడు.

"పెద్దయ్యగారండీ, ఎవరైనా చూత్తారండి, వచ్చెయ్యండి" అని పాలేరు గొంతు తగ్గించి బతిమాలాడు.

తాతయ్య కదలలేదు. అప్పుడే నీళ్ళకొచ్చింది నిన్నటి ఆవిడ. చేట చూసింది. తాతయ్యని చూసింది. బిందె ఆమె చంకలోంచి జారి దొర్లుకుంటూ వచ్చి నీళ్ళలో పడింది. మరుక్షణం ఆ గొంతు లంకంతా లేపింది.

"రండయ్యోయ్! పైలంక ముసలాడు మన రేవులో అమ్మోరిని దింపేశాడు! ఒరేయ్, నీ చేతులిరిగిపోను! నీ పాకలో గొడ్డన్నది మిగలకుండా పోను!"

ఆవిడ తనని సరిగ్గా చూసిందని నిశ్చయం చేసుకున్నాకే తాతయ్య వెనక్కి తిరిగి దోనె ఎక్కాడు. అప్పటికే మగాళ్ళు పరిగెత్తుకొస్తున్నారు. మట్టిబెడ్డలు పడ్డాయి. ఒకటి తాతయ్య చెవి పక్కన తగిలి నెత్తురొచ్చింది. నేను కొబ్బరిచిప్ప వదిలేసి దోనెలో పడుకున్నాను. పాయ దాటాక లేచి, ఎందుకు నిలబడ్డావు తాతయ్యా, వాళ్ళు చూడకుండా వచ్చెయ్యొచ్చుగా అని ఏడ్చాను.

చెవి దగ్గర నెత్తురు తుడుచుకుంటూ చెప్పాడు. "ఎవరో పెట్టారంటే రెండ్రోజులు భయపడి, మూడోనాడు తీసి అవతల పారేస్తారే. నేను పెట్టానంటే ఆ రేవు మొహం చూడరు. నీళ్ళు తోడు, దోనె నిండుతోంది."

ఆయన అన్నట్టే జరిగింది. దిగువ లంక వాళ్ళు ఆ రేవుకి తుమ్మకంప కొట్టేశారు. మందని పై రేవుకి తోలుకున్నారు. వరద వచ్చి ఆ ఒండ్రంతా కడిగేదాకా ఒక్క గొడ్డూ అక్కడ దిగలేదు. వాళ్ళ మందలో ఒక్క దూడకైనా కన్ను చెమర్చలేదు. తామే ఏవో పూజలు చేయించి, తాతయ్య ప్రయోగాన్ని తిప్పికొట్టామని చెప్పుకున్నారు. మా ఇంటి పేరు గోదావరి రెండు గట్లమీదా చెడ్డది. మా పెరుగు కొనేవాళ్ళు మానేశారు. చేట పెట్టినవాళ్ళ చేతి పెరుగు ఇంటికి ఎవరు తెచ్చుకుంటారు?

ఆవిడ తిట్టింది కూడా జరిగింది. మా పాకలో గొడ్లు రోజుకొకటిగా ఒరిగిపోవడం మొదలుపెట్టాయి. డాక్టరుగారు వచ్చి మిగిలినవాటికి సూదులు వేశారు గాని అప్పటికే ఆలస్యమైంది. పాతిపెట్టడానికి లంకలో చోటు లేదు. ఎక్కడ తవ్వినా నడుం లోతులో నీళ్ళు ఊరతాయి. నీళ్ళు ఊరని నేల ఒక్కటే ఉంది. గొడ్ల మిట్ట.

తాతయ్య పార తీసుకుని మిట్టెక్కితే చిన్నతాత అడ్డం పడుకున్నాడు. "నాన్న మోసిన మట్టి అన్నయ్యా. అమ్మ కడుపుతో ఉండి కూడా మోసింది. దీన్ని వల్లకాడు చేస్తావా? వరదొస్తే మిగిలినవాటిని ఎక్కడ నిలబెడతావు? గోదారి ఉండగా ఇదేం పిచ్చి!" అన్నాడు. అది చిన్నమాట కాదు. తాతయ్య ఆ పక్కనే కూలబడి తమ్ముడి వీపు నిమిరాడు. నిమిరి, లేపి పక్కన కూర్చోబెట్టి, తవ్వడం మొదలుపెట్టాడు. కొంతసేపటికి పాలేరు రెండో పార తీసుకున్నాడు. చిన్నతాత తీసుకోలేదు. ఆ వేసంగిలోనే వేరుపడి గట్టు మీదకి వెళ్ళిపోయాడు.

ఆవుల వరసలో నేను కంఠతా పట్టిన పేర్లన్నీ, చుక్కతో సహా, ఒక్కొక్కటీ ఆ మిట్టలోకి దిగాయి. పలుపులూ మువ్వలూ కుడితి తొట్లూ అన్నీ వాటితోపాటే. ఇత్తడి మువ్వలేం చేశాయండీ, ఉడకబెట్టి కడుక్కుందాం అని నాయనమ్మ అడిగింది. తెగిన పలుపుని ముడేసి వాడుకునే తాతయ్య, వద్దని తల అడ్డంగా ఊపాడు. పైన సున్నం పోసి, ముళ్ళకంప వేసి, ఇక ఆ మిట్ట మీద గడ్డిపోచ కూడా కొయ్యకూడదన్నాడు. తరాలు మోసిన మట్టిని ఆయన ఒక్క నెలలో మూసేశాడు.

మూడో నాలుగో ఆవులు మిగిలాయి. శ్రావణంలో వరదొచ్చింది. వాటిని నిలబెట్టడానికి చోటు లేక పడవల మీద గట్టుకి దాటించి, చుట్టాల ఇళ్ళలో కట్టాం. వరద తీశాక కూడా తిరిగి తీసుకురాలేదు. మిట్ట లేని లంకలో మంద ఉండదు. మేమూ ఆ తర్వాత గట్టు మీదకే వచ్చేశాం. కడియం వైపు నర్సరీల్లో మొక్కలకి నీళ్ళు పోసే పనికి మా నాన్న కుదిరాడు. ఆవులోళ్ళు అనే పేరు అక్కడితో పోయింది.

తాతయ్య మంచాన పడ్డప్పుడు నాయనమ్మ పట్టుబట్టింది. ఇప్పుడైనా దిగువ లంక పెద్దాయన్ని పిలిపించి నిజం చెప్పండి, ఈ చెడ్డపేరు నెత్తినేసుకుని వెళ్ళకండి అంది. ఆయన నీరసంగా నవ్వాడు. "గొడ్లు బతికాయిగా" అన్నాడు. పోయినప్పుడు పాడె మొయ్యడానికి దిగువ లంక నుంచి ఎవరూ రాలేదు.

నేను తాతయ్య అంతటిదాన్ని కాను. ఆయనకున్న పట్టులో నాకు అబ్బింది పిడక విరిచే పట్టే ఎక్కువ. కానీ ఒక్కసారి ఆయన దారిన నడవాల్సి వచ్చింది. మా ఆయనకి చక్కెర జబ్బు. డాక్టరు వద్దన్నాడంటే పంతానికి తినే మనిషి. నీ ఒంటికి మంచిది కాదంటే నన్ను చంటిపిల్లాణ్ణి చేస్తున్నావా అని పోట్లాడేవారు. దండగ, ఇంట్లో తీపి వస్తువు కొనేది లేదు అంటే మాత్రం పిసినారి మొహమా అని తిట్టుకుంటూ ఊరుకునేవారు. తిట్టడానికి నేనుంటే మిఠాయి మాట మరిచిపోయేవారు. అలా చాలా ఏళ్ళు గడిపాం. ఆయన పోయిన పన్నెండో రోజున భోజనాల దగ్గర మా ఆడపడుచు పక్క విస్తరి ఆవిడతో, మా అన్నయ్య నోట తీపి పడనివ్వలేదు మహాతల్లి అంది. నేను కూరగిన్నె పట్టుకుని వెనకే ఉన్నాను. విన్నాను. ఇంకాస్త వెయ్యనా వదినా అని అడిగాను.

మొన్నీమధ్య కంటి ఆసుపత్రి నుంచి వస్తూ రావులపాలెంలో బస్సు కోసం కూర్చున్నాను. పక్కన అరటిగెలతో ఒకావిడ కూర్చుంది. నాకంటే చిన్నదే. ఊరేదని అడిగితే దిగువ లంక అంది. నేను ఎక్కడిదాన్నో చెప్పలేదు. మాటల్లో పడి, ఇంకా మీ లంకలో గొడ్లున్నాయా అని అడిగాను.

"ఎందుకు లేవండీ! మా తాతల నాటి మంద. ఆ ఆవుల పిల్లలూ, వాటి పిల్లలే ఇప్పటికీ మా పాకలో ఉన్నాయి. అసలు ఎప్పుడో పోవాల్సిందండి. పైలంక ముసలాడొకడు మా రేవులో చేట దింపి, రోగం తోలేద్దామని చూశాడంట. మా తాతలు కనిపెట్టి రేవు మూసేశారు. లేపోతే ఒక్కటీ మిగిలేది కాదు. వాడికి పుట్టగతులుండవండి."

కోపం రాలేదంటే అబద్ధం. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆవిడ నమ్మేది కాదు. ఒకవేళ నమ్మినా, వాళ్ళ తాతల తెలివిని ఆవిడ దగ్గరనుంచి లాక్కుని నేనేం చేసుకోను?

"పాలిస్తున్నాయా?" అని అడిగాను.

"ఆయ్, ఇత్తన్నాయండి. మొన్ననే ఒకటి ఈనింది. పెయ్యదూడ."

మంచిదమ్మా అన్నాను. బస్సొస్తే గెల ఎక్కించడానికి ఒక చెయ్యి వేశాను. ఏదైనా పని మొదలుపెట్టేటప్పుడు ఆ పని జరగడం ముఖ్యమా, నేను చేశాననిపించుకోవడం ముఖ్యమా అని నన్ను నేను అడుక్కోవడం ఆ తెల్లవారుజామున దోనెలో నీళ్ళు తోడుతూ నేర్చుకున్నాను. జవాబు ప్రతిసారీ తెలుస్తుంది. మింగడం మాత్రం ఇన్నేళ్ళొచ్చినా తేలిక కాలేదు. ఆవిడ బస్సు వెళ్ళిపోయాక కూడా చాలాసేపు అక్కడే కూర్చున్నాను.